అమ్మ కూర్చోవలసిన సీటు

మాది బరంపురం. తాతగారి కాలంలో సోంపేట వైపు నుంచి వచ్చి ఇక్కడ అప్పడాలు, ఊరగాయల వ్యాపారంలో స్థిరపడిన కుటుంబం కాబట్టి ఇంట్లో తెలుగు, అంగట్లో ఒడియా మాట్లాడుతూ పెరిగాను. 2024 సంక్రాంతి వెళ్ళాక, నా నలభై నాలుగో ఏట, ఇరవై ఏళ్ళుగా వాయిదా వేస్తూ వచ్చిన కోరికను ఇక తీర్చుకుందామని నిశ్చయించుకున్నాను. ఒక స్పోర్ట్స్ కారు కొనాలి. మా వీధి వెడల్పుకు ఒక కారు నిలపడమే గగనం కనుక, కొనబోయేది నా సరదాకూ ఇంటిల్లిపాది అవసరానికీ ఒకటే అయి ఉండాలి. ఇంటిల్లిపాది అంటే నేను, నా భార్య, పదేళ్ళ కూతురు, నాలుగేళ్ళ కొడుకు, డెబ్బై ఏళ్ళ మా అమ్మ.

ఎంపికకూ కొనుగోలుకూ కలిపి దాదాపు తొమ్మిది నెలలు పట్టింది. వాటిలో మొదటి నాలుగు నెలలూ నన్ను నేను మభ్యపెట్టుకోవడంతోనే గడిచాయి. నా మొదటి లెక్కలో మేం నలుగురమే. అమ్మ ఎక్కడికి వస్తుంది కనుక, మోకాళ్ళ వైద్యానికి మూడు నెలలకొకసారి విశాఖపట్నం, పండగలకు సోంపేట దగ్గర మా అత్తవారి ఊరు, అంతేకదా, ఆ రెండు ప్రయాణాలకూ బాబును ఎవరో ఒకరు ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే సరిపోతుంది, అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నేను కాగితం మీద గీసిన పట్టికను నా భార్య తీరిగ్గా చూసి, "అత్తయ్యగారిని ఎక్కడ కూర్చోబెడతారండీ, డిక్కీలోనా?" అని అడిగింది. నేను ఒళ్ళో కూర్చోబెట్టే సంగతి చెప్పాను. ఆమె బ్యాంకు ఉద్యోగి. కాగితాలు చూడకుండా మాట్లాడదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను సీటుబెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా ఎక్కించుకుంటే వెయ్యి రూపాయల జరిమానా అని ఆ సాయంత్రమే చూపించింది. జరిమానా సంగతి అలా ఉంచి, నేను లెక్క వేసి చూసుకున్నాను. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి దేనినైనా గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిపోతే, పదహారు కిలోల పిల్లవాడు ఆ క్షణంలో రెండు వందల కిలోలకు పైబడిన బరువుతో ముందుకు తోసుకుపోతాడు. ఎంత ప్రేమగా పట్టుకున్న చేతులైనా అంత బరువును ఆపలేవు. ఆ రాత్రితో ఒళ్ళో కూర్చోబెట్టే ఆలోచన పోయింది, కాని రెండు తలుపుల కారు మీది మోజు పోలేదు.

స్పోర్ట్స్ కార్లలో వెనక సీట్లు ఉన్నవాటిని సాధారణంగా టూ ప్లస్ టూ అంటారు. ఆ మధ్యలోని ప్లస్ గుర్తును తేలికగా తీసుకోకూడదని నాకు ఆలస్యంగా తెలిసింది. ముందు ఇద్దరు మనుషులు కూర్చుంటారు, వెనక ఇద్దరు సర్దుకుంటారు అని దాని అర్థం. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో మొదట కనిపించిన పోర్షే 911 కూడా ఇదే పద్ధతిలో వచ్చింది. హైదరాబాదులో ఒకసారి దానిలో కూర్చుని చూశాను. వెనక ఉన్నవి రెండు గిన్నెల్లాంటి గుంటలు. చేతిసంచీకి చాలా బాగుంటాయి. ధర అడిగే సాహసం చేయలేదు కాబట్టి ఆ కారు గురించి ఇంతకన్నా చెప్పను.

అసలు నా మనసు లాగినది ఫోర్డ్ మస్టాంగ్. 2016లో మన దేశంలో అమ్మకానికి వచ్చినప్పుడు దాని ధర సుమారు 65 లక్షలు. అయిదు లీటర్ల వీ8 ఇంజను, ఆ ఇంజను నిద్రలేచేటప్పుడు వచ్చే గుర్రుమనే చప్పుడు, పొడవాటి బానెట్టు, ఇవన్నీ కలిసి నన్ను పట్టుకున్నాయి. సెకండ్ హ్యాండులో ఒకటి విశాఖలో ఉందని తెలిసి, మా వాడి పిల్లల సీటును కూడా వెంట పట్టుకుని, కుటుంబంతో సహా వెళ్ళాను. ఆ మధ్యాహ్నం జరిగినది ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది. పిల్లల సీటు వెనకవైపు బిగించాలంటే ముందు సీటును ముందుకు జరిపి, ఆ సందులోంచి సీటును అడ్డంగా తిప్పి లోపలికి తోసి, దాని వెనక నేనూ మోకాళ్ళ మీద పాకి, సీటు కుషన్ల మధ్య దాగిన ఐసోఫిక్స్ కడ్డీలను వేళ్ళతో వెతికి, క్లిప్పులు రెండూ 'టక్కు'మనేదాకా నొక్కాలి. చెమటతో చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఆ తరువాత అమ్మ వంతు. అమ్మ ఒక కాలు లోపల పెట్టి, ముందు సీటు వీపు పట్టుకుని, వంగి, రెండో కాలు లోపలికి తీసుకునేలోగా చీర కుచ్చిళ్ళు సీటు పట్టాల అంచుకు చిక్కుకున్నాయి. మా అమ్మాయి కిందికి వంగి వాటిని విడదీసింది. ఎలాగో కూర్చున్నాక అమ్మ చుట్టూ చూసి, "ఏటిరా ఇది, నూతిలో దిగినట్టుంది. దిగడమైతే దిగాను, లెగడం ఎలాగరా నాయనా?" అంది. దింపడానికి ఇద్దరం చెరో చేయి పట్టుకోవలసి వచ్చింది. అమ్మిపెట్టే కుర్రవాడు మర్యాదస్తుడు, నవ్వు రాకుండా వేరే వైపు చూస్తూ నిలబడ్డాడు.

నా మొండితనం ఎలాంటిదంటే, అప్పటికీ అమ్మ కోసం పాత కారు ఉంచేసుకుని దీన్ని కూడా కొనవచ్చునా అని ఒక వారం ఆలోచించాను. దానికి తెర దించినది, కార్లను గుద్ది చూసి భద్రతకు అయిదు నక్షత్రాల దాకా ఇచ్చే ఐరోపా సంస్థ యూరో ఎన్‌క్యాప్ నివేదిక. 2017 జనవరిలో ఆ సంస్థ మస్టాంగ్‌కు రెండే నక్షత్రాలు ఇచ్చింది. వెనక సీట్ల బెల్టులకు ప్రమాదం జరిగిన క్షణంలో బిగించే ప్రీటెన్షనర్లూ, ఛాతీ మీద ఒత్తిడిని అదుపుచేసే లోడ్ లిమిటర్లూ లేకపోవడం వల్ల, ముందువైపు గుద్దిన పరీక్షలో వెనక కూర్చున్న బొమ్మ బెల్టు కిందినుంచి జారిపోయిందని అందులో ఉంది. అదే ఏడాది మార్పులు చేసిన కారుకు మూడు నక్షత్రాలు వచ్చాయి, అది వేరే సంగతి. ముందు కూర్చునే నాకు ఇంత చప్పుడు, ఇంత దర్జా ఇచ్చి, వెనక కూర్చునే నా పిల్లలకు ఆ చిన్న పరికరం ఇవ్వని కారును నేను కొనలేను. పైగా 2021లో ఫోర్డ్ మన దేశంలో తయారీ ఆపివేస్తున్నట్టు ప్రకటించింది కాబట్టి, రేపు ఒక హెడ్‌లైటు పగిలితే ఎవరిని అడగాలి అన్న బెంగ ఒకటి.

మినీ కూపర్ ఎస్ కూడా చూశాము. మూడు తలుపుల ఆ చిన్న కారు నడపడానికి ఎంతో హుషారుగా ఉంది, కాని సీట్లు నాలుగే, డిక్కీ 211 లీటర్లే. మా ఇంటినుంచి అత్తవారింటికి వెళ్ళే ఆవకాయ జాడీలు, అప్పడాల కట్టలు అందులో పట్టవు.

అప్పటినుంచి నా పద్ధతి మార్చుకున్నాను. కంపెనీలు అచ్చువేసే పుస్తకాల్లో సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లు అనే గడిని పక్కన పెట్టి, జేబులో టేపు వేసుకుని బయలుదేరాను. ఇంట్లో అమ్మ సులువుగా లేచే కుర్చీ ఎత్తు కొలిస్తే 45 సెంటీమీటర్లు వచ్చింది. మోకాలి కన్నా తుంటి కిందికి వెళ్ళేకొద్దీ లేవడానికి మోకాళ్ళ మీద పడే భారం పెరుగుతుంది. కారు వెనక సీటు అంచు నేలనుంచి ఎంత ఎత్తులో ఉంది, తలుపు తెరిస్తే పాదం పెట్టడానికి ఎంత సందు ఉంది, దిగేటప్పుడు పట్టుకోవడానికి పైన హ్యాండిల్ ఉందా, ముందు సీటు నాకు తగ్గట్టు జరిపాక వెనక మోకాళ్ళకు ఎంత చోటు మిగిలింది, మధ్య సీటు కింద గడ్డలా లేచిన భాగం ఎంత ఎత్తు, మధ్య సీటుకు కూడా మూడు చోట్ల పట్టే బెల్టు ఉందా, ఇవే నా ప్రశ్నలు. ఒక షోరూంలో నేను వెనక తలుపు దగ్గర చతికిలబడి కొలతలు తీస్తుంటే అక్కడి సేల్స్ అమ్మాయి, "సార్, ఇంతకీ కారు మీరు నడుపుతారా, కూర్చుంటారా?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే.

ఈ కొలతలన్నిటికీ నిలిచిన మొదటి కారు బీఎండబ్ల్యూ ఎం340ఐ. పేరుకు సెడాన్, నాలుగు తలుపులు, అయిదు బెల్టులు. లోపల ఉన్నది మూడు లీటర్ల ఆరు సిలిండర్ల టర్బో పెట్రోలు ఇంజను. చెన్నైలోనే బిగించే ఈ కారు 2021లో 62.9 లక్షల ధరతో వచ్చింది, నేను అడిగేనాటికి 70 లక్షలు దాటింది. నడిపి చూసి ఆ రాత్రి నిద్రపోలేదు. అయితే మా దుకాణం లాభాలతో అంత డబ్బు చక్రాల మీద పెట్టడం నాకే తప్పనిపించింది. రెండో వైపు నా భార్య ఎంచిన కారు ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ. 150 పీఎస్ (దాదాపు అన్నే హార్స్‌పవర్) ఇంజను, 179 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ కారు పొట్టకూ మధ్య ఎత్తు), 521 లీటర్ల డిక్కీ, గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో అయిదు నక్షత్రాలు. తప్పు పట్టడానికి ఏమీ లేదు, మా అవసరానికి అది చాలు. చాలు అన్న మాటే నాకు నచ్చలేదు. ఇరవై ఏళ్ళు ఆగినది చాలు అనిపించుకునే కారు కోసం కాదు. ఇందులో నా వాదనకు బలం లేదని నాకు తెలుసు.

ఈ రెండింటి మధ్య దొరికినది స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 245. 2020లో పూర్తిగా విదేశంలో తయారై, మన దేశానికి 200 మాత్రమే వచ్చిన కారు. అప్పటి ధర దాదాపు 36 లక్షలు. రెండు లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, 245 పీఎస్, ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు), వందకు 6.6 సెకన్లు. వెనక తలుపులు పెద్దవి. డిక్కీ 590 లీటర్లు, వెనక అద్దంతో సహా మొత్తం పైకి లేస్తుంది. పిల్లల సీటు నిలబడే బిగించవచ్చు. అమ్మ విశాఖలో ఆ కారు దగ్గర ఒక చేత్తో తలుపు, ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని తనంతట తాను దిగి, ఏమీ అనకుండా చీర సర్దుకుంది. అమ్మ ఏమీ అనకపోవడమే మా ఇంట్లో ఆమోదం.

మిగిలిన చిక్కు ఒక్కటే, మా స్పీడ్ బ్రేకర్లు. ఆర్‌ఎస్ మామూలు ఆక్టేవియా కన్నా కిందికి ఉంటుంది, అయిదుగురు కూర్చుంటే ఇంకా దిగుతుంది. మేమే అందరం ఎక్కి కొలిస్తే వెనక భాగం సుమారు మూడు సెంటీమీటర్లు దిగింది. ఈ సందర్భంలో నేను తెలుసుకున్న ఒక విషయం తక్కువ ఎత్తు కారు కొనే ప్రతివారికీ పనికివస్తుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన స్పీడ్ బ్రేకర్ పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, 17 మీటర్ల వ్యాసార్ధం గల వంపు. అంటే అది కారు ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య ఉన్న దూరం కన్నా వెడల్పయినది. అందువల్ల కారు దానిపై ఉన్నప్పుడు నాలుగు చక్రాలూ ఆ వంపు మీదే ఉంటాయి. కారు పొట్ట వైపు ఆ వంపు నిజంగా పైకి పొడుచుకువచ్చేది, 2.68 మీటర్ల చక్రాల దూరానికి లెక్క వేస్తే, అయిదు సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే. ఆ కొలతలతో కట్టిన స్పీడ్ బ్రేకర్ మీద 137 మిల్లీమీటర్ల క్లియరెన్స్ ఉన్న మస్టాంగ్ కూడా హాయిగా వెళ్ళిపోతుంది. మా వీధి చివర ఉన్నది అది కాదు. పెళ్ళి ఊరేగింపుల్లో బళ్ళు దూసుకుపోతున్నాయని ఎవరో ఒక రాత్రి సిమెంటు పోసి కట్టిన గట్టు అది. దారం, కర్రతో కొలిస్తే వెడల్పు 60 సెంటీమీటర్లు, ఎత్తు 15. అంత సన్నని గట్టును ముందు చక్రాలు దాటి దిగిపోయాక, వెనక చక్రాలు ఇంకా ఎక్కకముందు, ఆ పదిహేను సెంటీమీటర్లూ నేరుగా పొట్ట కిందే ఉంటాయి. వర్టస్ దాన్ని దాటుతుంది. ఆర్‌ఎస్ ఖాళీగా ఉన్నా తంటాలే. మా పాత మెకానిక్ భాయి నాతో పాటు గట్టు దగ్గర వంగి చూసి, "తళే బాజుచి" అన్నాడు, అంటే కింద తగులుతోందని. తరువాత లేచి, ఏటవాలుగా ఎక్కించమని చేత్తో గీసి చూపాడు. ఒక్కొక్క చక్రమే గట్టెక్కుతుంది కాబట్టి పొట్ట మధ్యభాగం ఎత్తులోనే ఉండిపోతుంది. వీధి వెడల్పుకు ఆ ఏటవాలు కుదరాలంటే ఎదురుగా ఆవు పడుకుని ఉండకూడదు.

కారు చూడడానికి భాయిని విశాఖ తీసుకువెళ్ళాను. అతను ముందు ఇంజను తెరవలేదు, నేల మీద గోనె పరుచుకుని కారు కిందికి దూరాడు. ముందు బంపరు కింది అంచు గీసుకుపోయి ఉంది, కాని ఆయిల్ పాన్ కవరు సొట్టపడలేదు. నాలుగు టైర్ల మీది తయారీ అంకెలు చూశాము. చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండు వారాన్నీ తరువాతి రెండు సంవత్సరాన్నీ చెబుతాయి. మూడు టైర్లు ఒకే ఏటివి, ఒకటి కొత్తది. గుంతలో పడి టైరు పక్క గోడ ఉబ్బిందని, అందుకే మార్చానని యజమాని దాచకుండా చెప్పాడు. 225/40 ఆర్18 సైజు టైరు పక్క గోడ ఎత్తు 90 మిల్లీమీటర్లే; అంత పలచని పొర గుంత అంచుకూ రిమ్ముకూ మధ్య నలగడం వింత కాదు. స్కానరు పెట్టి గేర్‌బాక్సు లోపాలేమైనా ఉన్నాయేమో చూసి, సర్వీసు పుస్తకంలో డీఎస్‌జీ నూనె మార్చిన పుట వెతికి, భాయి తల ఊపాడు.

కాగితాల దగ్గర మాత్రం నేను మోసపోయాననే చెప్పాలి. మధ్యలో ఉన్న సెకండ్ హ్యాండ్ కార్ల వ్యాపారి, వారంలో కారును వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి రవాణా కార్యాలయం ఇచ్చే అనుమతి పత్రం ఎన్‌ఓసీ వస్తుందని చెప్పి అడ్వాన్సు తీసుకున్నాడు. ఆర్సీలో అప్పు ఇచ్చిన బ్యాంకు పేరు ఇంకా ఉందని నా భార్య గుర్తించేదాకా నేను చూడనే లేదు. పాత యజమాని అప్పు తీరింది గాని, బ్యాంకు ఇచ్చే అప్పు తీరిన పత్రమూ, ఫారం 35 సంతకాలూ రవాణా కార్యాలయానికి చేరలేదు. అవి చేరి, బ్యాంకు పేరు తీసివేసేదాకా ఫారం 28 కింద మా ఎన్‌ఓసీ ఆగిపోయింది. వారం అన్నది రెండు నెలలయింది. ఆ వ్యాపారి ఫోను ఎత్తడం మానేశాక పాత యజమాని స్వయంగా తిరిగి పని చేయించాడు. బదిలీకి ఫారం 29, 30 మీద సంతకాలు, ఇన్సూరెన్సు నా పేరుకు మార్చమని పద్నాలుగు రోజుల్లో దరఖాస్తు, ఆ తరువాత ఒడిశాలో పన్ను కట్టి కొత్త నంబరు. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కారుతో రాదు, అది మనిషిదే; ప్రీమియం లెక్కలో నేను దాన్ని కలుపుకున్నాను, అదొక పొరపాటు. దసరా ముందు ఓడీ 07 నంబరు పలక బిగించాము.

ఇప్పుడు కూర్చునే ఏర్పాటు ఇది. నా వెనక బాబు సీటు, మధ్యలో బూస్టరు మీద అమ్మాయి, ఎడమవైపు తలుపు పక్కన అమ్మ. సీటు ఇంకా రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తుంటే బాగుండునని అమ్మ పాత చీరతో పలచని గట్టి బొంత ఒకటి కుట్టుకుంది. విశాఖకు 260, 270 కిలోమీటర్ల దారిలో జాతీయ రహదారి 16 మీద కార్లకు పరిమితి వంద. వందలోపు స్పోర్ట్స్ కారుతో పనేమిటని నన్ను అడిగినవారు ఉన్నారు. పలాస దాటాక వరసగా వెళ్ళే లారీలను అరవై నుంచి తొంభైకి మూడు నాలుగు క్షణాల్లో దాటి మళ్ళీ నెమ్మదించడంలో, మలుపులో కారు పక్కకు ఒరగకుండా నిలబడడంలో ఆ పని కనిపిస్తుంది. గతుకుల్లో మాత్రం గట్టి సస్పెన్షను ప్రతి రాయినీ వెనకవారికి లెక్కపెట్టి అప్పగిస్తుంది. పర్లాకిమిడి వైపు ఒకసారి వెళ్ళివచ్చాక బాబు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు, ఆ దారికి ఈ కారును మళ్ళీ తీయలేదు.

సోంపేట దగ్గర అత్తవారి ఊళ్ళో ఉన్న గట్టు మా వీధి గట్టు కన్నా నిటారుగా ఉంటుంది, దారి సన్నం కాబట్టి ఏటవాలుకు చోటు లేదు. అక్కడికి రాగానే నా భార్య, అమ్మాయి దిగి నాలుగడుగులు నడుస్తారు, నేను కారును అంగుళం అంగుళంగా దాటిస్తాను, అరుగుల మీద కూర్చున్నవారు తీరిగ్గా చూస్తారు. మొదటిసారి అమ్మను కూడా దిగమన్నాను. "ఎక్కడమే కష్టమై ఎక్కితే, మళ్ళీ దిగమంటావేటిరా? తగిల్తే తగలనీ" అని బెల్టు తీయకుండా కూర్చుంది. కింద ఒకసారి గరుక్కుమంది.